పొలము కొలతయు కర్ణరేఖయు

ఈ సంవత్సరపు మహాసభా సంచికకు మనవారి పూర్వచరిత్రనుగూర్చి యేదేని వ్రాయుమని సంపాదకవర్గమువారు నన్ను కోరిరి. వంశావళులు, గోత్రములు, బిరుదములు మొదలైన వానినిగూర్చి వ్రాయుటకు నాకంటె సమర్థులు పెక్కురు కలరు. గడచిన సంచికలలో వ్రాసియు నున్నారు. నేను మనవారి చేతులలో తరతరములుగా నున్న భూమినిగూర్చి, అందును ఆ భూమిని కొలిచిన లెక్కనుగూర్చి వ్రాయదలచితిని. ఈ నరసాపురప్రాంతమున ముప్పదియేండ్లకు పైగా బడిలో బ్రతికినవాడను. గట్టు తగవు ఎరుగని కుటుంబమును నేనింతవరకు చూడలేదు. ఆ తగవులలో కొన్ని దురాశవలన పుట్టినవే. కాని మరికొన్ని యెవరి దురాశయు లేకయే, కేవలము ఒక గుణకారమువలన పుట్టినవని నాకు అనుభవముచే తెలిసినది.

నేను సంస్కృతము చదివి ఉపాధ్యాయుడనైనవాడను. గణితోపాధ్యాయుడు లేని సంవత్సరములలో ఆ తరగతియు నాపై బడుచుండెడిది. లీలావతి చదివినవాడను గనుక వెనుదీయలేదు. త్రిభుజ వైశాల్యమును భుజములనుండి కనుగొను సూత్రమును ఎన్ని పర్యాయములు నల్లబల్లపై వ్రాసితినో లెక్కలేదు. ఆ సూత్రము మా యింటి పొలమును గూడ కొలువగలదని నాకు చాలకాలము తోచలేదు. ఆ కథ చివర చెప్పెదను.

మన దస్తావేజులను తీసి చూడుడు. తూర్పున ఫలానావారి భూమి, దక్షిణమున మురుగుకాలువ, పడమట పుంతదారి, ఉత్తరమున పంటబోదె; ఈ చతుస్సీమల మధ్యనున్న భూమి ఇంత అని వ్రాసియుండును. ఇండ్ల స్థలముల విషయమున నాలుగు ప్రక్కల కొలతలును ఉండును. వైశాల్యము ఎట్లు కట్టిరని అడిగినచో పెద్దలు చెప్పు రీతి ఒక్కటే: తూర్పు పడమరలను కలిపి సగము చేయుము, ఉత్తర దక్షిణములను కలిపి సగము చేయుము, రెండు సగములను గుణింపుము. తాడు పట్టుకొని గట్టుమీద నడచిన చాలును, చేనిలో దిగనక్కరలేదు. ఇంత సులభమైన లెక్క మరియొకటి లేదు గనుకనే ఇది ఇంతకాలము నిలిచినది.

ఎంతకాలమో వినినచో ఆశ్చర్యము కలుగును. ఐగుప్తదేశమున నైలునది యొడ్డున ఎడ్ఫు అను చోట హోరస్ దేవాలయము కలదు. దాని గోడలపై, క్రీస్తునకు పూర్వము సుమారు నూరేండ్ల నాటివగు చెక్కడములలో, దేవునికిచ్చిన పొలముల పట్టిక యున్నది. ప్రతి పొలమునకును నాలుగు ప్రక్కల కొలతలు, పిదప వైశాల్యము. ఆ వైశాల్యమును కట్టిన రీతి మన గ్రామములలోనిదే. ముక్కోణపు పొలము వచ్చినప్పుడు నాలుగవ ప్రక్క శూన్యమని వ్రాసి అదే లెక్క నడపిరి. అదియు నదీతీరమే. ఒండ్రుభూమి, వరదనీరు, శిస్తు, దేవాలయమాన్యములు ఇవన్నియు కూడినచోట ఒకే లెక్క పుట్టుటలో వింత లేదు.

మన శాస్త్రకారులు దీని నెరుగని వారు గారు. 628 లో బ్రహ్మస్ఫుటసిద్ధాంతమును రచించిన బ్రహ్మగుప్తుడు ఈ రీతిని చెప్పి, ఇది స్థూలఫలమనియు, సూక్ష్మఫలమునకు వేరు మార్గము కలదనియు విభజించెను. తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమునందలి జైనగణితవేత్త మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమున క్షేత్రగణితమును వ్యావహారికమనియు సూక్ష్మమనియు రెండు తెగలుగా చేసెను. వ్యావహారికమనగా పనులు నడుపుకొనుటకు చాలునట్టిది. ఆ పేరు పెట్టుటలోనే ఒక హెచ్చరిక యున్నది. చదివినవారు పేరును మరచి లెక్కను మాత్రము పట్టుకొనిరి. ఈ గ్రంథమును రంగాచార్యులవారు ఆంగ్లానువాదముతో మదరాసున 1912 లో ప్రకటించిరి.

మహావీరుని గ్రంథము మన గోదావరి యొడ్డునకు అంతకు చాలముందే వచ్చినది. రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కాలమున, నన్నయభట్టు భారతమును తెనిగించుచున్న ఆ పదునొకండవ శతాబ్దమునందే, పావులూరి మల్లన దానిని తెలుగు పద్యములలోనికి తెచ్చెనని కొందరు సాహిత్యచరిత్రకారులు తలచిరి. సారసంగ్రహగణితమను ఆ గ్రంథమునే మనవారు పావులూరి గణితమందురు. మూలమునందలి జైనసంబంధములైన ఉదాహరణములకు మారుగా మల్లన శైవసంబంధములైన వానిని చేర్చెను. తెలుగుభాష పుస్తకరూపమున నిలద్రొక్కుకొను తొలిదినములలోనే లెక్కలకు పద్యము దొరకినదని మనము గర్వింపవచ్చును. నన్నయను నిత్యము తలచువారు మల్లనను అప్పుడప్పుడైన తలపకుండుట నాకు కొంచెము కష్టముగా నుండును.

ఇక ఈ స్థూలగణితమును నిర్దాక్షిణ్యముగా ఖండించినవాడు భాస్కరాచార్యుడు. 1150 నాటి లీలావతిలో ఆయన చెప్పిన సారాంశమిది: నాలుగు భుజములు మాత్రమే తెలిసిన క్షేత్రమునకు ఆకారము నియతము కాదు, అవే భుజములతో కర్ణము మారుచుండును, కర్ణము మారగా ఫలమును మారును. కావున కర్ణముగాని లంబముగాని చెప్పక చతుర్భుజఫలము అడిగినవాడు పిశాచము, ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పినవాడు అంతకుమించిన పిశాచము. భుజములనుండి వర్గమూలముచే ఫలము రాబట్టు సూత్రముకూడ త్రిభుజమున స్పష్టము, చతుర్భుజమున అస్పష్టమని ఆయన తేల్చెను. నేను మా గురువుగారి యొద్ద ఈ భాగము చదువునప్పుడు ఆచార్యుని కోపమునకు నవ్వితిని. పిశాచశబ్దము మా యింటి దస్తావేజునకు వర్తించునని నాడెరుగను.

మూడు భుజములు చాలునట్టిది త్రిభుజమొక్కటే. మూడు కర్రలను కొసలయందు కట్టినచో అది కదలదు. ఇంటి కప్పు వేయు వడ్రంగికి ఈ సంగతి మనము చెప్పనక్కరలేదు. లీలావతిలో భూమి మనుసంఖ్యగల త్రిభుజమొకటి కలదు. మనువులు 14, తక్కిన భుజములు 13, తిథిసంఖ్య యగు 15. దాని లంబము 12, ఫలము 84. ఎక్కడను భిన్నము రాదు. పిల్లలకు ఇచ్చుటకు ఇంతకంటె చక్కని త్రిభుజము లేదు. భుజముల మొత్తమును సగము చేసి, అందుండి ఒక్కొక్క భుజమును తీసివేసి, నాలుగింటిని గుణించి మూలము తీయునట్టి ఆ సూత్రమును మన బడులలో హెరాను పేరిట తొమ్మిదవ తరగతియందు చెప్పుదురు. హెరాను మొదటి శతాబ్దమునందలి అలెగ్జాండ్రియా నగరవాసి. ఐగుప్తదేశమే ఆ తప్పునకును ఒక నిలయము, ఈ దిద్దుబాటునకును ఒక నిలయము.

మన శాసనములలో గడలతో కొలిచిన భూములు, మర్తురులు, పుట్లు అను మానములు కానవచ్చును. ఊరికొక గడ, దొరకొక గడ. ఆంగ్లేయుల రాకతో గొలుసు వచ్చినది. 1620 ప్రాంతమున గంటరు అను గణితవేత్త కల్పించిన ఈ గొలుసు పొడవు 66 అడుగులు, లింకులు 100. ఇందలి తెలివి యేమనగా, పది చదరపు గొలుసులు సరిగా ఒక ఎకరము. అనగా లక్ష చదరపు లింకులు ఎకరము, వేయి చదరపు లింకులు సెంటు. లింకులలో కొలిచి గుణించినవాడు సున్నలు కొట్టివేసి సెంట్లు చెప్పవచ్చును. నాలుగవ తరగతి పిల్లవానికి సాధ్యమగునట్లు ఒక దేశపు కొలతలను అమర్చుట సామాన్యమైన పని గాదు.

1802 లో మదరాసు సమీపమున లాంబ్టన్ ఒక ఆధారరేఖను కొలిచి, దానినుండి త్రిభుజములను అల్లుకొనుచు దేశమును కొలువ నారంభించెను. ఆయన సహాయకుడు ఎవరెస్టు 1819 లో మన కృష్ణాగోదావరుల నడిమి అడవులలోనే జ్వరపడి చాల బాధపడెను. పర్వతమునకు పేరు వచ్చినది గాని ఆ జ్వరమును ఎవరును తలపరు. ఆ మహాత్రిభుజములు పటములకు. మన చేలకు వచ్చినది మరియొక చిన్నపని. ధవళేశ్వరపు ఆనకట్టను కాటన్ దొర 1847 లో ఆరంభింపగా 1852 నాటికి పూర్తియయ్యెను. కాలువలు పారినచోట భూమి విలువ పెరిగెను. శిస్తు, నీటితీరువ ఎకరమునకింత యని కట్టవలసివచ్చినప్పుడు, ఎకరమనగా నిజముగా ఎంత యన్న ప్రశ్న ప్రభుత్వమునకును రైతునకును ఒక్కరీతిగా ముఖ్యమయ్యెను. 1858 లో మదరాసు ప్రభుత్వము రెవిన్యూ సర్వేను స్థాపించెను. ఆ సర్వేవారు ఆచరించిన రీతి భాస్కరుని మాటకు సరిపోవునట్టిది: చేనిలో ఒక మూలనుండి మరియొక మూలకు కర్ణరేఖ వేయుట, ఆ రేఖవెంట గొలుసు లాగుచు, ఇరుప్రక్కల మూలలకు ఎదురైనచోట లంబముగా ఆఫ్‌సెట్టు కొలుచుట, అన్నిటిని పుస్తకమున నిచ్చెనవలె గీసి వ్రాసికొనుట. కర్ణము పొడవును రెండు లంబముల మొత్తముచే గుణించి సగము చేసిన వైశాల్యము వచ్చును. గట్లు ఎంత వంకరగా నున్నను ఈ లెక్క మోసము చేయదు.

గ్రామకరణములు ఈ పుస్తకములను దాచినవారే గాని, సర్వేనంబరు లోపల అన్నదమ్ములు పంచుకొనునప్పుడు సర్వేవారిని పిలిచిన ఇండ్లు మిక్కిలి తక్కువ. పెద్దమనుష్యులు, ఒక తాడు, ఒక పారీఖత్తు, అంతటితో సరి. కరణపు లెక్క ఉన్నను కర్ణపు లెక్క లేకపోయెను. 1984 లో కరణముల ఉద్యోగములే రద్దయినవి. 2020 డిసెంబరులో మన రాష్ట్రప్రభుత్వము భూములన్నిటిని పునఃసర్వే చేయుటకు ఆరంభించెను. ఇప్పుడు గొలుసు లేదు. ఉపగ్రహసంకేతములను అందుకొను యంత్రము ఒక్కొక్క మూల యొక్క నిరూపకములను చెప్పును. నిరూపకములనుండి వైశాల్యము కట్టుట పదవ తరగతి పాఠముగా నుండెడిది. అయినను ఇంటిలోని పంపకములు నేటికిని తాడుతోడనే జరుగుచున్నవి.

ఇంత చరిత్ర చెప్పి నా యింటి సంగతి దాచుట న్యాయము గాదు.

మా తాతగారి పొలమును మా తండ్రిగారును పినతండ్రిగారును పంచుకొనిరి. నడుమ ఉత్తరదక్షిణములుగా గట్టు. దానిపై ఒక తాటిచెట్టు. పడమటి భాగము మాది, తూర్పు భాగము పినతండ్రిగారిది. ఉత్తరపు బోదెయు దక్షిణపు మురుగుకాలువయు మా భాగమంతట తిన్నగా వచ్చి, ఆ గట్టు దాటగానే రెండును ఒకే తీరుగా ప్రక్కకు వంగినవి. పెద్దలు తాడు వేసిరి. రెండు భాగములకును గట్టుప్రక్కలు 390 లింకులు, కాలువప్రక్కలు 450 లింకులు. నాలుగు ప్రక్కలును సమానమే గనుక భాగములు సమానమని, ఒక్కొక్కటి ఎకరము డెబ్బదియైదున్నర సెంట్లని పారీఖత్తు వ్రాసిరి. ఎవరి మనస్సునను కల్మషము లేదు.

పినతండ్రిగారు గతించిన పిదప మా పినతల్లి కుమార్తె వివాహమునకై ఆ భూమి అమ్మదలచెను. కొనువారు సర్వేయరును తెచ్చి కొలిపింపగా ఎకరము ఏబదియొక్క సెంట్లే తేలినది. ఇరువదినాలుగు సెంట్లు లేవు! బేరము చెడెను. "అబ్బాయీ, తూర్పువాడు నా గట్టు తినివేసినాడురా" అని ఆమె నా యెదుట కంటతడి పెట్టుకొనెను. తూర్పు పొలమువారు మనవారే, దగ్గర బంధువులే. ఆనాటినుండి ఆరేండ్లు ఆ రెండిండ్లకు మాటలు లేవు, శుభకార్యములకు పిలుపులు లేవు. వారి పిల్లలిద్దరు ఒకే తరగతిలో నా యెదుట వేర్వేరు బల్లలపై కూర్చుండెడివారు.

ఒక వేసవిలో బడి గొలుసు తీసికొని, పదవతరగతి పిల్లలను నలుగురిని వెంటబెట్టుకొని ఆ చేనికి పోతిని. ముందు నాలుగు ప్రక్కలు కొలిచితిమి. పారీఖత్తులోని కొలతలే వచ్చినవి. తూర్పువారు గట్టును వెండ్రుకవాసి యైనను జరుపలేదు. నాకేమియు తోచలేదు. అప్పుడొక పిల్లవాడు, "మేష్టారూ, అడ్డముగా లాగుదుమా?" అని అడిగెను. దగ్గరిమూలలనడుమ గొలుసు లాగగా ఒకటి రెండు లింకుల తేడాతో 420 వచ్చెను. 390, 420, 450. ముప్పదిచే భాగించి చూడుడు: 13, 14, 15. లీలావతిలోని ఆ మనుసంఖ్యాత్రిభుజమే మా మురుగుకాలువ యొడ్డున పడియున్నది! లంబము 360 లింకులు. త్రిభుజమొక్కటి 75,600 చదరపు లింకులు. రెండు కలిపి 1,51,200. ఎకరము ఏబదియొక్క సెంట్లు, మీద పిసరు. సర్వేయరు లెక్క సరియే. తూర్పువారు నిర్దోషులు. తరువాత మా భాగమున కర్ణము లాగితిమి. 595 లింకులు వచ్చెను. అనగా మాది మూలమట్టము పెట్టినట్టి దీర్ఘచతురస్రము. పారీఖత్తు చెప్పిన ఎకరము డెబ్బదియైదున్నర సెంట్లును నిండుగా కలదు.

పిల్లలు సంతోషించిరి. నాకు మాత్రము నోట మాట రాలేదు. రెండు భాగములను కలిపి సరిగా సగము చేసినచో ఒక్కొక్కరికి ఎకరము అరువదిమూడు సెంట్ల చిల్లర రావలెను. మా పినతల్లికి తగ్గిన పండ్రెండు సెంట్ల పంటను తూర్పువారు తినలేదు, మేము తింటిమి. ఆ ధాన్యపు డబ్బుతోనే నేను సంస్కృతము చదివితిని.

మా తమ్ముడు మొదట ఒప్పుకొనలేదు. "పెద్దలు కొలిచిరి, పెద్దలు పంచిరి. నీవు లెక్కలు చెప్పి పొలము పోగొట్టెదవా అన్నయ్యా?" అని అడిగెను. అతని మాటలో అన్యాయము కనబడలేదు; నాలుగు ప్రక్కలు సమానమైనప్పుడు భూమి ఎట్లు తగ్గునని అతని నిజమైన సందేహము. వాదించి లాభము లేదని నాలుగు వెదురుబద్దలు కోసి కొసలయందు దారముతో కట్టి అతని చేతికిచ్చితిని. అరుగుమీద తిన్నగా పెట్టి లోపల వడ్లు పోయించితిని. పిమ్మట ఒక మూలను పట్టి ప్రక్కకు నొక్కుమంటిని. బద్దల పొడవు మారలేదు. వడ్లు పైకి పొంగి అంచులు దాటి పడెను. ఇంకను నొక్కగా బద్దలు ఒకదానినొకటి అంటుకొని లోపల గింజకైనను చోటు లేకపోయెను. మా తమ్ముడు చాలసేపు చూచి, బద్దలను మరల తిన్నగా చేసి, మరల వంచెను. నేనును ఆనాడే ఒక సంగతిని బాగుగా గ్రహించితిని. ఈ స్థూలగణితము ఒకప్పుడు ఎక్కువ ఒకప్పుడు తక్కువ చెప్పునది గాదు. చేను సరియైన దీర్ఘచతురస్రమైననే అది నిజము చెప్పును. తక్కిన యేచేనికైనను ఉన్నదానికంటె ఎక్కువే చెప్పును. కొనువానికి, శిస్తు కట్టువానికి, వంకరభాగము వచ్చినవానికి ఎల్లప్పుడును నష్టమే.

పెద్దమనుష్యులను పిలిచి తూర్పువారియెదుట లెక్కయంతయు విప్పితిని. మా పినతల్లి వారి ముంగిటికి తానే నడచిపోయెను. అక్కడ ఏమి మాటలాడుకొనిరో నేను వినలేదు. గట్టును పడమటికి 31 లింకులు, అనగా ఇరువదియడుగులకు కొంచెము పైన, జరిపి రాళ్లు పాతితిమి. సర్వేవారిచే సబ్డివిజను చేయించితిమి. ఆ వివాహము అప్పటికే అప్పుతో జరిగిపోయినది గనుక ఆమె భూమిని అమ్మక, కౌలుకిచ్చి ఆ బాకీ తీర్చుకొనెను.

తాటిచెట్టును కొట్టివేయుటకు ఆమె ఒప్పుకొనలేదు. పాతగట్టు పోయినను అది అక్కడనే యున్నది. ఇప్పుడు వరిచేనిలో, కొత్తగట్టుకు ఇరువదియడుగుల దూరమున ఒంటరిగా నిలిచియుండును. దున్నువారు దానిని చుట్టి పోవుదురు.